విచారణ ముందు ఆగయ్య

ఫాదరు ఆ మాట అన్నప్పుడు ఆగయ్య ఒక కాలికి చెప్పు తొడుక్కున్నాడు, రెండో కాలికి ఇంకా తొడుక్కోలేదు. ఆ రెండో చెప్పు సంగతి ఇల్లు చేరేదాకా అతనికి గుర్తే రాలేదు. ఆదివారం పూట తెల్ల చొక్కా తొడుక్కుని పూజకు వెళ్లి, ఒంటి చెప్పుతో శాలిబండ గల్లీలో నడిచొస్తున్న మొగుణ్ణి చూసి చంద్రమ్మ నోరు నొక్కుకుంది.

“ఏమైందయ్యా నీకు? ఇంకో చెప్పేడ పాయె?”

“గుడి కాడ మర్చిన.”

“చెప్పు మర్చిపోయేటోళ్లుంటరు గని, ఒకటే మర్చిపోయేటోన్ని నిన్నే చూసిన.”

ఆగయ్య తన రేకుల దుకాణం అరుగు మీద కూలబడి కాళ్ల వంక చూసుకుంటూ కూర్చున్నాడు. చెవుల్లో ఫాదరు మాటే తిరుగుతోంది.

ఫాదరు మామూలుగానే అన్నాడు మరి. ఫాదర్ బాలశౌరి గుంటూరు వైపు మనిషి. వచ్చి మూడు నెలలైనా కాలేదు. కుర్రవాడు, మాట మెత్తన, ఎవరినైనా గారూ అండీ లేకుండా పిలవడు. పూజ ముగించి గుమ్మం దాకా వచ్చి ఆగయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

“ఆగయ్యగారూ, వచ్చే ఆదివారం పూజయ్యాక మీరు ఎక్కడికీ వెళ్లిపోకండి. మీ సంగతి విచారణ ముందు పెట్టాలని పెద్దలం అనుకున్నాం. బిషప్‌గారికి కూడా రాశాను.”

“నా సంగతా ఫాదర్?”

“మీదేనండీ. అంతోనివారి పెట్టె తాళం మీ నాన్నగారి కాలం నుంచీ మీ ఇంట్లోనే ఉందటగా. ఆ సంగతులన్నీ జనానికి తెలియాలి కదా!” అని నవ్వాడు కూడా.

ఆ నవ్వు చూశాకే ఆగయ్య ఒంటి చెప్పుతో రోడ్డెక్కాడు. ఆ ఏడాది సంగతి తెలిసినవాళ్లకు అతని భయం అర్థమవుతుంది. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది అది. రేడియో పెడితే విచారణ, పేపరు తెరిస్తే విచారణ. పెద్ద పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్లనే నిలబెట్టి అడుగుతున్నారు, రేకు డబ్బాలు అతుక్కునే ఆగయ్య ఎంత! అందులోనూ ఆగయ్య తప్పు చేయనివాడైతే నిమ్మళంగా ఉండేవాడు. చేశాడు. అదే అసలు బాధ.

అంతోనివారి పెట్టె అంటే చిన్న సంగతి కాదు. చాంద్రాయణగుట్టకు పోయే దారిలో ఉన్న ఆ చిన్న గుడికి మంగళవారం వచ్చిందంటే కులం మతం లేకుండా జనం వస్తారు. బురఖాలు వేసుకున్నవాళ్లు వస్తారు, బోనం ఎత్తేవాళ్లు వస్తారు. పోయిన వస్తువు దొరికిస్తాడని అంతోని సామికి పేరు. ఉంగరం పోయినా, మేక తప్పిపోయినా, మొగుడు ఇల్లు విడిచిపోయినా వచ్చి మొక్కుకుని, సామి కాళ్ల దగ్గరి పెట్టెలో పదిపైసలో చారాణో వేసి పోతారు. ఆ పైసలు గుడివి కావు, బీదలవి. వాటితో రొట్టెలు కొని మంగళవారం మంగళవారం మెట్ల మీద పంచాలి. సున్నానికి కాదు, కొవ్వొత్తులకు కాదు, రొట్టెకే. వెనకటి ఇటలీ ఫాదరు ఆ పెట్టె తాళం ఆగయ్య తండ్రి రాజన్న చేతిలో పెడుతూ ఇదే చెప్పాడు. రాజన్న పోతూ పోతూ కొడుకుకూ ఇదే చెప్పాడు.

జూన్‌లో అంతోనివారి పండుగ. ఆ రోజు పడే పైసలతోనే వానాకాలమంతా రొట్టెలు గడవాలి. ఈసారి మూడు వందల పైచిలుకు పడింది. ఆగయ్య ఎప్పటిలాగే తన చేత్తో చేసిన రేకు డబ్బాలో పోసి, చంకలో పెట్టుకుని బయలుదేరబోయాడు. సరిగ్గా ఆ వారమే బేగంబజారు నూనె వ్యాపారి గుండయ్య సేటు రెండు వందల డబ్బాలు కావాలన్నాడు. రేకు మాత్రం ఆగయ్యే కొనుక్కోవాలి, డబ్బాలు ముట్టాక పైసలు. అంత పెద్ద పని ఆగయ్య బతుకులో ఎప్పుడూ రాలేదు. రేకు కొనడానికి చేతిలో చిల్లిగవ్వ లేదు.

చంకలో డబ్బా ఉంది. గుళ్లో ఎవరూ లేరు. ఆగయ్య సామి స్వరూపం ముందు నిలబడి అడిగాడు, అంతే తప్ప దొంగలా తీయలేదు. “బాపూ, ఎనిమిది దినాలు. చేబదులే అనుకో. వద్దంటే గీ కొవ్వొత్తి ఆరిపోనియ్యి, గంతే, డబ్బా ముట్ట.” చేతులు కట్టుకుని చాలాసేపు చూశాడు. కొవ్వొత్తి నిటారుగా వెలిగింది. సామి ఒప్పుకున్నాడనుకుని ఇంటికి వచ్చేశాడు. అయితే అడగబోయే ముందు తనే వెళ్లి పక్క కిటికీ రెక్క దగ్గరికి లాగి గడియ పెట్టి వచ్చాడు. ఆ ముక్క మాత్రం ఆగయ్య ఎన్నడూ తలుచుకోలేదు.

ఎనిమిది రోజులు కాస్తా రెండు నెలలు దాటింది. డబ్బాలు సేటుకు ముట్టాయి, పైసలు మాత్రం ఆగయ్యకు ముట్టలేదు. వారం వారం పడే చిల్లరతో వచ్చే రొట్టెలు మెట్ల మీద ముందు కూర్చున్నవాళ్లకే సరిపోతున్నాయి. చాంద్రాయణగుట్ట నుంచి కాళ్లీడ్చుకుంటూ వచ్చే రుక్మాబాయి ఎప్పుడూ వెనకబడుతుంది. ముసలిది, కళ్లు సరిగా ఆనవు. పెట్టె సంగతి నిలదీసే మనిషి కాదు గనుక ఆగయ్య ఆమెతో ఒక అబద్ధం ఆడేశాడు. “ఏం జేద్దు పెద్దమ్మా, ఈసారి సామి కాడనే ఏం లేవు.” ఆమె “అయ్యో, గట్లనా!” అని కర్ర తాటించుకుంటూ వెళ్లిపోయింది.

ఇవన్నీ ఒక ఎత్తు, సాయంత్రం జపమాల ఒక ఎత్తు. వాడకట్టు మొత్తానికి జపమాల చెప్పించేది ఆగయ్యే. గొంతు ఖంగుమంటుంది, ఒక్క మాట పొల్లు పోదు. అలాంటివాడికి పరలోక జపంలో ఒక్కచోట గొంతు పట్టేయడం మొదలైంది. మా అప్పులు మన్నించమని దేవుణ్ణి అడిగే చోటు అది. చిన్నప్పటి నుంచీ కొన్ని వేలసార్లు అన్న మాటే. ఇప్పుడు ఆ మాట దగ్గరికి వచ్చేసరికి దగ్గు వస్తుంది. మొదట దొంగదగ్గే, తర్వాత నిజం దగ్గే అయింది. వెనక ఉన్నవాళ్లు మాట అందుకుని పూర్తి చేసేవాళ్లు. చంద్రమ్మ మిరియాల కషాయం కాచి పోసింది. కషాయంతో పోయే దగ్గా అది!

ఇదీ ఆ ఒంటి చెప్పు వెనకాల ఉన్న కథ. సోమవారం నిద్రాహారాలు లేవు. మంగళవారం గుడికి పోతే ఫాదరు ఎదురుపడతాడని, జ్వరమని కబురు పంపి ఇంట్లో పడుకున్నాడు. ఆ వారం ఎవరికీ రొట్టెలు లేవు. బుధవారం పొద్దున్నే సైకిలెక్కి బేగంబజారు పోయాడు.

గుండయ్య సేటు గద్దె మీద కూర్చుని పల్లీలు వొలుచుకుంటున్నాడు. “ఏం ఆగయ్యా, గంత పరేషాన్ ఉన్నవేంది? కూసో, చాయ్ తాగు.”

“చాయ్ వద్దు సేటూ. నా పైసలియ్యి. ఆదివారం లోపట లేకుంటే నా ఇజ్జత్ పోతది.”

“ఇజ్జత్ ఏమన్న నూనెనా భాయ్, ఒలికిపోనీకి? దసరా పోనియ్, గల్లా తెరుస్త.”

“రెండు నెలల సంది గదే మాట చెప్తున్నవ్!”

“మరి మాట మీద నిలబడ్డట్టే గద!” అని సేటు తన మాటకు తనే పడీపడీ నవ్వాడు. ఆగయ్య కదలకుండా నిలబడేసరికి కాస్త జాలి పుట్టినట్టుంది, గుమాస్తాను పిలిచి ఒక డబ్బాలో రెండు సేర్ల పల్లినూనె పోయించాడు. అది ఆగయ్య చేసిన డబ్బాయే. తన డబ్బాలో సేటు నూనె పెట్టుకుని, కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఆగయ్య ఇంటికి వచ్చాడు.

నూనె చూసి చంద్రమ్మ సంబరపడింది. అంతలోనే అనుమానపడింది. “ఊకెనే ఎందుకిచ్చిండు సేటు? ఏం సంగతి, నిజం చెప్పు.” ఇక దాచలేక ఆగయ్య మొత్తం చెప్పేశాడు, ఒక్క కిటికీ తప్ప. ఆమె నెత్తి మీద చేతులు పెట్టుకుని గోడకు చేరగిలబడింది.

“దేవుని పైసలు తిన్నవా!”

“తినలే, చేబదులు తీసుకున్న. అడిగే తీసుకున్న.”

“అడిగితే ఆయన ఇచ్చిండా?”

చంద్రమ్మ మెడలోని పుస్తెలతాడు తీయబోయింది. ఆగయ్య ఆమె చేయి పట్టుకుని ఆపాడు. ఆ రెండు గుండ్లు అమ్మినా సగం కూడా రాదు, ఊళ్లో మాత్రం అందరూ అడుగుతారు. ఇద్దరూ ఆ పూట నూనె డబ్బా మూత కూడా తీయలేదు.

శనివారం సాయంత్రం ఆగయ్య తెగించాడు. రేపు పదిమందిలో ఎలాగూ అడుగుతారు, ఈ రోజే పాపసంకీర్తనంలో ఫాదరు చెవిన వేసేస్తే ముందే ఒప్పుకున్నాడన్న పేరైనా దక్కుతుందనుకున్నాడు. గుళ్లో పాపసంకీర్తనానికి నలుగురైదుగురు వరుసలో ఉన్నారు. ఆగయ్యకు ముందు ఇన్నాసమ్మ టీచరు నిలబడింది. ఆమెది కూడా గుంటూరు వైపే. సైదాబాద్‌లో ఉంటుంది, భర్త సర్కారు ఆఫీసులో పనిచేస్తాడు.

ఆమె వెనక్కి తిరిగి నవ్వుతూ, “రేపు విచారణలో అంతా మీ గురించేనండీ ఆగయ్యగారూ,” అంది.

ఆగయ్యకు ప్రాణం పోయినంత పనైంది. “మీకు గూడ తెలిసిందా టీచరమ్మా? ఇంగ ఎవలెవలికి తెలుసు? నన్నేమడుగుతరు?”

“అడగడమేమిటండీ?”

“గదే, విచారణల. పోలీసోళ్లు గూడ వస్తరా?”

ఇన్నాసమ్మ ఒక క్షణం తెల్లబోయి చూసింది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుంది. గుళ్లో ఉన్నామన్న సంగతి మరిచి భుజాలు ఊగిపోయేలా నవ్వింది. “అయ్యో రామ! కాదు కాదు, అయ్యో యేసువా! విచారణంటే మన పారిషేనండీ, ఈ గుడికి వచ్చే మనమంతా! మా వైపు పారిష్‌ను విచారణే అంటాం. విచారణ గురువులు, విచారణ పెద్దలు... మీరు ఎప్పుడూ వినలేదూ? రేపు విచారణంతా కలిసి మీకు శాలువా కప్పుతోంది. నేను చెప్పానని ఫాదరుతో అనకండేం!”

ఇంతకాలం ఇటలీ ఫాదర్ల నోట పారిష్ పారిష్ అనే విన్నాడు ఆగయ్య. పట్టుకునేందుకు వస్తోందనుకున్న మాట పూలదండ పట్టుకుని వస్తోంది. అంటే ఎవరికీ ఏమీ తెలియదు. అతని గుండెల మీద నుంచి బండరాయి దిగింది.

ఇన్నాసమ్మ పాపసంకీర్తనం ముగించుకుని లేచింది. తర్వాతి వంతు ఆగయ్యది. తెర వెనక ఫాదరు గొంతు సవరించుకోవడం కూడా వినిపించింది. ఆగయ్య వెనక ఉన్నాయనకు దారిచ్చి, “నువ్వు పో భాయ్, నాకేం తొందర లేదు,” అని, పక్క గుమ్మం గుండా బయటపడ్డాడు.

చంద్రమ్మ విని ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది, తర్వాత నిలబడి తీర్పు చెప్పింది. “ఇగ నోరు మూస్కోని శాలువ కప్పుకో. దసరాకు సేటు ఇస్తడు, ఇచ్చిన్నాడే డబ్బాల పోద్దం. ఎవలికెరుక? ఉన్న పరువు తీసుకునుడెందుకు?”

“సామికి ఎరుకనే గద.”

“గాయనను అడిగే తీసుకుంటివంటివి గద!” అని ఆమె నూనె డబ్బా మూత తీసి పొయ్యి మీద బూరెలమూకుడు పెట్టింది.

ఆదివారం గుడి నిండిపోయింది. ఇస్త్రీ చొక్కాలో ఆగయ్య ముందు వరుసలో కూర్చున్నాడు. కాళ్లకు తమ్ముడి చెప్పులు వేసుకొచ్చి బయట విడిచాడు. పూజ చివర ఫాదరు అతన్ని పీఠం దగ్గరికి పిలిచి జనం వైపు తిప్పి నిలబెట్టాడు.

“తండ్రి తర్వాత కొడుకు, బీదల సొమ్ము కాపాడారు. ఒక్క పైసా తేడా వచ్చిందని ఎవరైనా అనగా విన్నారా? మన గుడి కప్పు కురుస్తోంది, మీకు తెలుసు. బిషప్‌గారు సాయం చేస్తామన్నారు. ఆ కప్పు డబ్బులు కూడా ఆగయ్యగారి చేతికే ఇద్దామని విచారణ పెద్దల నిర్ణయం.”

చప్పట్లు మోగాయి. శాలువా భుజాల మీద పడింది. అది చవక శాలువా, మెడ దగ్గర గుచ్చుతోంది. ఇప్పుడైనా చెప్పెయ్, ఇప్పుడైనా, అని లోపల ఏదో పొడుస్తూనే ఉంది. ఆగయ్య చేతులు జోడించి తల వంచాడు. చంద్రమ్మ ఆడవాళ్ల వరుసలోంచి కళ్లార్పకుండా అతన్నే చూస్తోంది.

“పరలోక జపం ఆగయ్యగారే చెప్పిస్తారు,” అన్నాడు ఫాదరు.

మొదలుపెట్టాడు. గొంతు ఖంగుమంది. అన్నం మాట దాటింది. అప్పుల మాట వచ్చింది. దగ్గు వచ్చింది. ఎప్పటిలాగే జనం ఆ మాట అందుకుని అతని బదులు వాళ్లే అనేశారు. ఆగయ్య కళ్లు తుడుచుకున్నాడు. ఆనందంతో ఏడుస్తున్నాడనుకుని ఇన్నాసమ్మ టీచరు కూడా కళ్లు తుడుచుకుంది.

లోపల చాయ్ గ్లాసులు అందిస్తుంటే, గాలి కోసం ఆగయ్య మెట్ల మీదికి వచ్చాడు. అక్కడ రుక్మాబాయి కూర్చుని ఉంది. ఆదివారాలు కూడా ఆ మెట్ల మీదే చెయ్యి చాపుతుంది. అలికిడికి తలెత్తి, “ఆగయ్యవేనా?” అంది. కొంగు మూట విప్పి ఒక చెప్పు తీసి అతని కాళ్ల దగ్గర పెట్టింది. “పోయిన ఆయితారం ఈడ ఇడిసిపోయినవ్ బిడ్డా. కుక్కలు గుంజుకపోతయని దాసిపెట్టిన.”

“మంచిదాయె పెద్దమ్మా,” అని ఆగయ్య గబగబా వెళ్లబోయాడు.

“ఆగు కొడకా. జరం తగ్గిందా? మంగళారం రాకపోతివి. గంతకుముందు మంగళారం సామి కాడనే ఏం లేవంటివి. నాకు రొట్టె లేకున్న మానె గని, అంతోని సామికే తిప్పలొచ్చెనా అని మస్తు ఫికరైంది. మా పోచమ్మకు మొక్కిన, పాపం ఆయనకు జర ఆసరా కమ్మని.” ఆమె కొంగు కొసన కట్టిన ముడి పళ్లతో విప్పింది. అందులోంచి ఒక బిళ్ల తీసి, అతని చెయ్యి వెతుక్కుని పట్టుకుని, అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. “చారాణ. పెట్టెల ఏస్తే మందిల కలుస్తది. తాళం నీ కాడనే ఉంటది గద, ఆయన చేతికే ఇయ్యి. రుక్మాబాయి ఇచ్చిందని చెప్పు.”

పోలీసులొస్తారనుకున్నప్పుడు కూడా ఆగయ్యకు ఇంత భయం వేయలేదు. సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది. రెండు నెలల కింద తను సామిని అడుక్కున్నాడు, ఈ ముసలమ్మ సామి కోసం అడుక్కుంది. ఆమె తిననీ తినక దాచిన చారాణ అతని గుప్పిట్లో చెమటకు తడిసింది.

వెనక్కి తిరిగాడు. చాయ్ తాగుతున్న జనం మధ్య నుంచి తోసుకుంటూ పీఠం దాకా నడిచాడు. చంద్రమ్మ అతని మొహం చూడగానే గ్రహించి, “ఏమయ్యో!” అని అరిచింది. అతను ఆగలేదు. శాలువా తీసి మడిచి బల్ల మీద పెట్టాడు. దాని మీద పెట్టె తాళంచెవి పెట్టాడు. ఫాదరు చేతిలో చాయ్ గ్లాసుతో అయోమయంగా చూశాడు.

“ఫాదర్, మీ విచారణ అయిపోయింది,” అన్నాడు ఆగయ్య. గొంతు ఖంగుమంది. అన్ని గ్లాసులూ ఆగాయి. “ఇగ మా దిక్కు విచారణ పెట్టుండ్రి. నా మీద.”

“ఏమిటండీ, ఏమైంది?”

“పండుగ పైసలు డబ్బాల లెవ్వు. రేకు కొన్న. సామి కాడ చేబదులు తీసుకున్న అని రెండు నెలల సంది నాకు నేనే చెప్పుకున్న. ఆయన ఇయ్యలే. నేనే తీసుకున్న.” ఊపిరి పీల్చుకుని, చారాణ బిగించిన గుప్పిట గుండెకు ఆనించుకున్నాడు. “కిటికీ గూడ నేనే మూసిన.”

కిటికీ సంగతేమిటో గుళ్లో ఒక్కరికీ అర్థం కాలేదు. ఆగయ్య మాత్రం సామి స్వరూపం వైపు తిరిగి, దగ్గు లేకుండా, జపంలో ఇన్నాళ్లూ మింగేసిన ఆ అప్పుల మాట గట్టిగా అన్నాడు.